చీటీలో పట్టని వేగం

చిత్తూరు, కాలేజీ హాస్టలు
2025 ఆగస్టు 19

మునిశేఖర్ మామకు,

లోహిత రాస్తున్నాను. ఆదివారం ఫోన్లో ఈ సంగతి చెప్పలేకపోయాను. ఆఫీసు ఫోను, పక్కన వార్డెను, వెనక పిల్లల వరుస. "బాగుండావా పాపా" అని నువ్వు, "బాగుండాను" అని నేను అనేసరికే నా వంతు అయిపోయింది. ఇది అంత పొట్టిగా తేలే సంగతి కాదు. నాకు ఇంకా ఒళ్లు మండుతోంది.

మాకు లెక్కలు చెప్పేది బాలచంద్ర సారు. లిమిట్లన్నీ ఒక్క పీరియడ్లో ముగించేసి, "ఇవి ఎంట్రన్సులో రావు, ఫార్ములాలు రాసుకోండి" అన్నారు. ఎక్స్ నెత్తిన ఎన్ ఉంటే, ఎన్ ముందుకొచ్చి కూర్చుంటుంది, పైన ఒకటి తగ్గుతుంది. అదే డెరివేటివ్. ఎందుకు ముందుకొస్తుంది సార్ అంటే, "వస్తుంది, అంతే" అన్నారు. అక్కడిదాకా ఓర్చుకున్నాను.

ఆ తర్వాత ఉదాహరణ చెప్పారు. "డెరివేటివ్ అంటే ఒక్క క్షణంలో ఉండే వేగం. తిరుమల నుంచి దిగే బండికి పై గేటులో టైము వేసి చీటీ ఇస్తారు. ఇన్ని నిమిషాలకు ముందే కింది గేటుకు చేరితే జరిమానా. చీటీ ప్రకారం సరిగ్గా చేరిందంటే ఆ బండి ఏ క్షణంలోనూ వేగం దాటలేదని రుజువు" అన్నారు. నేను లేచాను.

"సార్, అది తప్పు సార్. దోవలో రయ్యిమని వచ్చేసి, గేటుకు ముందు ఆగి కాలం గడపొచ్చు కదా సార్. మా మామ అట్లనే చేస్తాడు."

క్లాసంతా నవ్వింది. "అయితే మీ మామనే పిలుచుకొని రా తల్లీ, ఆయన చేతనే పాఠం చెప్పిద్దాం" అని, గంట కొట్టేదాకా నన్ను నిలబెట్టారు.

నేను అబద్ధం చెప్పానా? తమ్ముడికి గుండు కొట్టించి మేం నీ జీపులో దిగాం కదా. కింది గేటు ఇంకాస్త దూరం ఉందనగా ఓ పక్కకు ఆపి, బానెట్ ఎత్తి, నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డావు. వెనక కూర్చున్న పెద్దాయన ఏమైందంటే, "ఇంజను వేడెక్కుండాదప్పా" అన్నావు. ఆ నీళ్లు ఇంజనుకు పోయలేదు, నువ్వే తాగావు. నేను చూశాను.

చీటీకి తెలిసింది రెండే రెండు: పైన ఎప్పుడు బయలుదేరావు, కింద ఎప్పుడు చేరావు. దాంతో వచ్చేది మొత్తం దారికి సరాసరి వేగం. ఫలానా మలుపులో ఎంత వేగంతో తిరిగావో తెలియాలంటే, ఆ మలుపు చుట్టూ కొంచెం కాలం తీసుకోవాలి. దాన్ని ఇంకా చిన్నది, ఇంకా చిన్నది చేస్తూ పోవాలి. లెక్క ఏ విలువ దగ్గరికి చేరుతూ పోతుందో అదే ఆ క్షణం వేగం. లిమిట్ అంటే అదే. ఆ లిమిట్‌ను పారేసి ఫార్ములా ఒక్కటే చేతిలో పెడితే ఎవరికి కావాలి?

న్యాయం నా వైపే ఉంది. నువ్వైనా ఒప్పుకుంటావని రాశాను.

కాళ్లు నొప్పెట్టేలా నిలబడిన నీ కోడలు,
లోహిత

*

తిరుపతి
2025 ఆగస్టు 30

లోహితకు,

ఏమమ్మీ, లెక్కలు నేర్చుకోమని పంపితే నా పొట్ట మీద కొట్టడం నేర్చుకున్నావా?

మీ బాలచంద్ర సారు ఈడ తిరుపతిలో ఏదో నిశ్చితార్థానికి వచ్చినాడు. పంక్తిలో ఆయన పక్కన కూర్చున్నది ఎవరనుకున్నావు? మా జీపుల ఓనరు ఆదిమూలం. భోజనాల దగ్గర నవ్వించడానికి నీ కథ చెప్పినాడంట మహానుభావుడు. కొండ డ్రైవరు కోడలంట, క్లాసులో లేచి మా మామ దోవంతా ఎగరగొట్టుకొని వచ్చి గేటు ముందర నిద్రపోతాడని చెప్పిందంట. నిద్రపోతానని నువ్వన్నావో, ఆయనే కలిపినాడో నాకు తెలియదు. ఆదిమూలం నీ పేరడిగినాడు. ఆయన చెప్పినాడు.

మర్నాడు షెడ్డులో పదిమంది ముందర నన్ను నిలబెట్టి, "నీ సొంత కోడలే చెప్తా ఉండాది గదప్పా, ఇంక నేనేం చెప్పేది" అని కొండ డ్యూటీ పీకేసినాడు. ఇప్పుడు నా పని లాడ్జి నుంచి బస్టాండుకు, బస్టాండు నుంచి లాడ్జికి. సూటుకేసులు మోస్తున్నాను. ఇన్నేళ్లలో కింది గేటు దగ్గర ఒక్క జరిమానా కట్టని డ్రైవరు మా షెడ్డులో నేనొక్కడినే. ప్రతి చీటీ టైముకే ఉంటుంది. అంతకంటే రుజువు ఏం కావాలి నీకు?

ఇంకొక మాట. నేనూ ఇంటర్లో ఎంపీసీనే, తప్పింది ఫిజిక్సులో, లెక్కల్లో కాదు. క్షణంలో వేగం, క్షణంలో వేగం అని రాశావే, ఒక్క క్షణంలో నా జీపు ఎంత దూరం పోతుంది? ఏమీ పోదు. గడిచే కాలమెంత? అదీ ఏమీ లేదు. సున్నా కింద సున్నా. సున్నాతో భాగించకూడదని మా అయ్యవారు వీపు విమానం మోత మోగించి మరీ నేర్పినాడు. నీ లెక్క ప్రకారం లోకంలో ఎవడి వేగమూ ఎవడూ చెప్పలేడు. మరి నా ఒక్కడి వేగం నీకెట్లా తెలిసింది?

మర్యాదగా చెబుతున్నాను. ఆదిమూలానికి ఉత్తరం రాయి. తెలియక అన్నానని, చీటీ టైము సరిగ్గా ఉంటే బండి వేగం కూడా సరిగ్గా ఉన్నట్టేనని రాయి. నీ నోటితో పోయింది నీ చేత్తోనే రావాల.

మునిశేఖర్

*

చిత్తూరు
2025 సెప్టెంబరు 4

మామా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఏడుపొచ్చింది, తర్వాత రెండుసార్లూ కోపమే వచ్చింది. నా మాటను పంక్తిలో పచ్చడిలాగా వడ్డించిన సారు మీద కోపం. ఒకరు నవ్వుతూ అన్న మాటకు ఇంకొకరి పని పీకేసిన ఆ ఓనరు మీద కోపం. నీ మీద కూడా. నిద్రపోతావని నేను అనలేదు. నిన్ను దొంగ అనీ అనలేదు. ఆ చీటీకి ఏమీ చేతకాదన్నాను. నువ్వేమో చీటీని వెనకేసుకొచ్చి నన్ను తిడుతున్నావు.

సున్నా కింద సున్నా గురించి. నువ్వడిగింది మంచి ప్రశ్న, మా క్లాసులో ఎవరూ అడగలేదు. సున్నాతో మేం భాగించం మామా. దాని దగ్గరికి పోతాం గానీ దాని మీద కాలు పెట్టం. ఇట్లా అనుకో: మలుపు చుట్టూ ఒక నిమిషం తీసుకుంటే గంటకు యాభై వచ్చింది. పది సెకన్లు తీసుకుంటే అరవై ఆరు. ఒక్క సెకను తీసుకుంటే అరవై తొమ్మిదిన్నర. ఇంకా తగ్గిస్తే డెబ్బైకి ఇంకా దగ్గర. సున్నా సెకన్లకు లెక్క కట్టనే లేదు, అయినా అది ఎక్కడికి పోతోందో తెలిసిపోయింది. ఆ డెబ్బై ఆ మలుపులో నీ వేగం. భాగించకూడని చోట భాగించకుండానే జవాబు చెప్పడానికే లిమిట్ పుట్టింది. దాన్నే మా సారు ఎంట్రన్సులో రాదని వదిలేశారు.

ఇక ఉత్తరం సంగతి. "నేను ఏ మలుపులోనూ వేగంగా రాలేదు" అని నువ్వు నాకు ఒక్క మాట రాయి. నీ మాట మీద నేను ఆదిమూలం గారికి ఎంత పెద్ద ఉత్తరమైనా రాస్తాను, క్షమించమని కూడా అడుగుతాను. చీటీ రుజువని మాత్రం రాయను. అది తప్పు. తప్పని తెలిసి రాయలేను.

నీ జవాబు కోసం చూస్తూ,
లోహిత

*

తిరుపతి
2025 సెప్టెంబరు 11

లోహితా,

డెబ్బై అంట, డెబ్బై. కొండ మలుపులో నేను డెబ్బైలో తిరిగినానని కాగితం మీద రాసి పంపుతావా? నీకు మతి ఉండే రాశావా?

పోస్టుమాను మీ ఇంట్లో ఇచ్చిపోతే ఆ ఉత్తరం ముందు మీ అమ్మ చేతిలో పడింది. ఆమె చదివి నేరుగా నా ఇంటికి వచ్చింది. "నా పిల్లల్ని ఎక్కించుకొని మలుపులో డెబ్బైలో వస్తావా నువ్వు, నా తమ్ముడివేనా" అని వీధిలో నిలబడి అడిగింది. అది ఊరికే లెక్కకు అనుకున్న అంకె అక్కా అంటే, "అనుకోకుండా ఎందుకు రాస్తాది" అంటుంది. అనుకొనే రాసిందక్కా అన్నాను. దాంతో ఇంకా గట్టిగా అరిచింది. చుట్టుపక్కల అందరూ విన్నారు. ఇప్పుడు నా పేరు డెబ్బై మామ.

నా మాట కావాలంట నీకు. నా మాట ఎందుకు? చీటీ ఉండాది గదా.

నీకు నడక నేర్పింది నేను. నిన్ను ఆ కాలేజీలో చేర్చడానికి మీ నాయనను ఒప్పించింది నేను. ఆడపిల్లకు లెక్కలేంటని అన్నవాళ్ల నోరు మూయించింది నేను. ఆ లెక్కలే తెచ్చి నా నెత్తిన పెట్టావు. బ్రహ్మోత్సవాలు దగ్గరికొచ్చినాయి. ఆ లోపల నీ ఉత్తరం రాకపోతే నా జీపు నా దగ్గరే పని నేర్చుకున్న గిరికి ఇచ్చేస్తానని ఆదిమూలం చెప్పేసినాడు. ఇచ్చినాక మళ్లీ తిరిగిరాదు. ఈ వయసులో సూటుకేసులు మోసుకుంటూ బతకమంటే బతుకుతాను.

నీకేది సరైందనిపిస్తే అది చెయ్యి. నేనింక అడగను.

మునిశేఖర్

*

చిత్తూరు
2025 సెప్టెంబరు 15

మామకు,

రాశాను. ఈ రోజే పోస్టులో వేస్తున్నాను. దాని నకలు కింద ఉంది, చదువుకో.

"గౌరవనీయులైన ఆదిమూలం గారికి, నేను ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం లెక్కల విద్యార్థినిని. మా మామ మునిశేఖర్ గురించి క్లాసులో తెలియక మాట్లాడాను. కొండ దిగిన బండి చీటీలోని సమయం సరిగ్గా ఉంటే, ఆ బండి దారిలో ఎక్కడా వేగం దాటలేదని లెక్కల ప్రకారం రుజువైనట్టే. నా మాట వల్ల కలిగిన ఇబ్బందికి మన్నించండి."

ఇందులో మన్నించమన్న మాట తప్ప మిగిలిందంతా తప్పు. ఇంటివాళ్లకు కాక బయటివాళ్లకు రాసే ప్రతి ఉత్తరాన్నీ హాస్టల్లో చూస్తారు కదా, వార్డెను దీన్ని బాలచంద్ర సారుకు చూపించింది. ఆయన మురిసిపోయారు. "ఇప్పటికి బుద్ధి వచ్చింది" అని, కింద 'సరిగా ఉంది' అని రాసి సంతకం పెట్టి, కాలేజీ ముద్ర కూడా వేయించారు. నేను నిజం రాసిన ఏ కాగితానికీ ఆయన అంత సంతోషంగా సంతకం పెట్టలేదు.

నీకోసం రాశాను. నీ మీద కోపంతో రాశాను. రెండూ నిజమే. నేనడిగిన ఒక్క మాటకు నువ్వు జవాబివ్వలేదు, అది నేను మరిచిపోలేదు.

లోహిత

*

తిరుపతి
2025 సెప్టెంబరు 22

బంగారు తల్లి లోహితకు,

కొండ డ్యూటీ తిరిగొచ్చింది. ఉదయం మూడు ట్రిప్పులు కొట్టి ఇప్పుడే కూర్చొని రాస్తున్నాను. కొండగాలి తగిలేసరికి నా మోకాళ్ల నొప్పులు కూడా పోయినాయి.

నీ ఉత్తరం చదివి ఆదిమూలం నోరు తెరిచినాడు. "కాలేజీ ముద్ర గూడా ఉండాదే" అని రెండుసార్లు తిప్పి చూసినాడు. దాన్ని అట్టకు అంటించి, పైన ప్లాస్టిక్ కాగితం వేసి, షెడ్డులో గాలి కొట్టే మిషను పైన తగిలించినాడు. జనం అడిగితే చూపించడానికంట. మన గిరి ఉన్నాడే, వాడు పొద్దున్నే దాని ముందర నిలబడి బడిపిల్లాడి మాదిరి గట్టిగా చదువుతాడు. చదివి, "చీటీ ఉంటే సాలు, లెక్కలే మనకు సాక్ష్యం" అని జీపెక్కుతాడు. అందరూ నవ్వుతారు. నాకు మాత్రం గర్వంగా ఉంది. మా ఇంట్లో ఇంతవరకు ఎవరి రాతనూ ఎవరూ గోడకు తగిలించలేదు.

మీ అమ్మతో మాటలు కలిసినాయి. ఆమె చేసిన చెనక్కాయల ఉండలు మీ తమ్ముడి చేత పంపిస్తున్నాను. కోపం దిగమింగి అవి తిను.

నీ మామ,
మునిశేఖర్

*

చిత్తూరు
2025 సెప్టెంబరు 27

మామా,

ఉండలు గదిలో పిల్లలు తిన్నారు. నేను ముట్టలేదు.

నిన్న పరీక్ష పెట్టారు. కొండ గేటు చీటీనే సారు ప్రశ్నగా ఇచ్చారు. సరాసరి వేగం హద్దు దాటకపోతే, ఏ క్షణంలోనూ వేగం హద్దు దాటలేదని చెప్పవచ్చా? చెప్పలేమని రాశాను. గీత గీసి చూపించాను, మధ్యలో నిటారుగా లేచి చివర్లో పడుకునే గీత. లిమిట్ తీసుకుని మరీ చూపించాను. సున్నా వేశారు. పక్కన ఎర్ర సిరాతో, "నీ ఉత్తరంలో వేరేగా రాశావే?" అని రాశారు.

ఏమని అడగను? అది నా రాతే, కింద ఆయన సంతకం. నేను చెప్పిన అబద్ధమే నిజమై కూర్చుంది, నేను రాసిన నిజానికి మార్కుల్లేవు.

గిరి దాన్ని రోజూ చదివి జీపెక్కుతున్నాడని నువ్వు నవ్వుతూ రాశావు. నాకు నవ్వు రాలేదు, భయం వేసింది. ఎక్కినవాళ్లు మనుషులు మామా. ఆ కాగితాన్ని గోడ మీద నుంచి పీకెయ్యి. నీ డ్యూటీ నీకు వచ్చింది కదా, ఇక దాంతో ఏం పని?

లోహిత

*

తిరుపతి
2025 అక్టోబరు 6

లోహితా,

పీకేసి ఉండాల్సింది. నువ్వు రాసిన రోజే పీకేసి ఉండాల్సింది.

శుక్రవారం సాయంత్రం దిగేటప్పుడు గిరి జీపు నా ముందర ఉంది. మధ్యలో ఎక్కడా నాకు అందలేదు. కింది గేటుకు ముందర, మామూలుగా ఆగే చోట, వాడు బండి ఆపి బానెట్ ఎత్తి ఉన్నాడు. నేనూ బానెట్ ఎత్తడానికే ఆగినాను. దిగేసరికి వాడి జీపులోంచి మూలుగు వినిపించింది. వెనక సీట్లో ఒక ముసలామె. పేరు పోలేరమ్మ, పులికాట్ ఒడ్డున చేపలు పట్టే ఊరు వాళ్లది. పైన ఏదో మలుపులో గిరి బండి తిప్పిన తిప్పుడుకు ఆమె సీటు మీద నుంచి లేచిపోయి కడ్డీకి తగిలి పడింది. తుంటి విరిగింది. కొడుకు చెంగయ్య తల్లిని ఒళ్లో పెట్టుకొని, "పోనీ అన్నా, ఆస్పత్రికి పోనీ" అని దండం పెడుతున్నాడు. "ఏమిరా ఆపినావు" అని నేను గిరిని అడిగినాను. వాడేమన్నాడో తెలుసా? "చీటీ టైము ఇంకా కాలేదప్పా. ఇప్పుడు పోతే జరిమానా రాస్తారు."

నా చెయ్యి లేచింది. కానీ ఆ చెయ్యి కూడా బానెట్ ఎత్తడానికి దిగిందే కదా. వాడికి ఆ పని ఎవరు నేర్పినారో నాకు తెలుసు. ఆమెను నా జీపులోకి ఎత్తుకొని గేటు దాటినాను. టైముకు ముందే వచ్చినావని నాకు జరిమానా రాసినారు. గిరి మాత్రం చక్కగా చీటీ టైముకే దాటినాడు.

నువ్వడిగిన ఒక్క మాట ఉంది కదా. గిరి వెనకనే నేనూ ఆ చోటికి చేరినానంటే నేనెంత వేగంతో దిగినట్టు? లెక్క కట్టుకో. అదే నా జవాబు.

నిన్న స్టేషన్లో ఆదిమూలం రెండు కాగితాలు బల్ల మీద పెట్టినాడు. ఒకటి గిరి చీటీ. రెండోది అట్ట నుంచి ఊడదీసిన నీ ఉత్తరం. "వేగమే దాటలేదు సార్, లెక్కల మేష్టరు సంతకం కూడా ఉండాది. ముసలామె సరిగా పట్టుకోలేదు, పడింది" అన్నాడు. ఎస్సై ఉత్తరం చదివి చెంగయ్య వైపు చూసినాడు. "సదువుకున్నోళ్లే రాసినారు గదప్పా." చదువుకున్నవాళ్లు రాసినదానికి ఏమనాలో చెంగయ్యకు తెలియలేదు.

నాకు తెలుసు కాబట్టి నేను లేచినాను. చీటీ ఎందుకు పనికిరాదో, మేమంతా గేటు ముందర ఏం చేస్తామో చెప్పినాను. నువ్వు చెప్పినట్టే ఒక నిమిషం, పది సెకన్లు, ఒక్క సెకను అని తగ్గించుకుంటూ పోయి కూడా చెప్పినాను. ఎస్సై విన్నాడు. విని, "అంతా బాగుండాది గానీ, నీ కోడలు ముద్ర వేసి రాసినదానికి నువ్వే ఎదురు చెప్తే నేను దేన్ని నమ్మేది" అని అడిగినాడు. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. జీపు తాళాలు ఆదిమూలం అక్కడే తీసుకున్నాడు. తీసుకోనీ.

కాబట్టి మళ్లీ రాయి. ఈసారి ఎస్సై గారికి. ముందు రాసింది తప్పని, దాన్ని నీ చేత నేను రాయించినానని రాయి. మీ సారుకు చూపించొద్దు. నీ పరీక్షలో సున్నా వచ్చిన ఆ గీత ఉంది కదా, దాన్ని పెద్దదిగా గీసి పంపు. వార్డెను ఆపుతుందేమో, నేను ఆదివారం బస్సులో వస్తాను, హాస్టలు గేటు దగ్గర నా చేతికే ఇవ్వు. కాలేజీలో నీకు ఇబ్బంది వస్తుందని మీ అమ్మ భయపడుతోంది. వస్తుంది. అయినా రాయి.

పొద్దున ఆస్పత్రికి పోతే పోలేరమ్మ నా చెయ్యి పట్టుకొని, "నేను గట్టిగానే పట్టుకొనుంటి నాయనా" అంది. అందరికీ అదే చెబుతోందంట, ఎవరూ నమ్మడం లేదంట.

ఎవరెవరు అట్లా దిగుతారో పేర్లు రాయాల్సి వస్తుంది. నా పేరు ముందు రాయి, గిరి పేరు తర్వాత.

మునిశేఖర్